కుడి అంచు తూట్లు

తెనాలిలో మా ఇంటి పని మగ్గం వర్క్‌కి డిజైన్లు దించడం. పలచటి ట్రేసింగ్ కాగితం మీద గీసిన పూలతీగ వెంట మా అమ్మీ సూదితో తూట్లు గుచ్చేది. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడి రుద్దడం నా వంతు. తూట్లలోంచి దిగిన చుక్కల వెంట కుట్టేవాళ్లు కుట్టుకునేవారు.

నేను బాపట్లలో స్టాటిస్టిక్స్ చదువుతున్నప్పుడు, రేపల్లె నుంచి ఒక టైలరమ్మ జాకెట్టు గుడ్డ వెనక్కి తెచ్చింది.

"ఏంటక్కా ఇది? కుడిపక్క తీగ సరిగ్గా పడనే లేదండి."

అమ్మీ నావైపు తిరిగింది. "సరిగ్గా రుద్దవే అని ఎన్నిసార్లు చెప్పాను?"

"నేను బాగానే రుద్దాను. తూట్లే సరిగ్గా లేవు."

"ఆడలేక మద్దెల ఓడందంట నీలాంటిదే!"

నాకు ఒళ్లు మండింది. కాలేజీలో ప్రాజెక్టు ఎలాగూ చెయ్యాలి. ఈ తూట్ల సంగతే తేలుస్తానని పట్టు పట్టాను. సార్ నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

కాగితం నలిగినప్పుడల్లా అమ్మీ అదే డిజైన్ మళ్లీ గుచ్చేది. అలా ఒకే మామిడిపిందె కాగితాలు, పాతవీ కొత్తవీ, పెట్టెలో ఉన్నాయి. భూతద్దం పెట్టి, పక్కపక్క తూట్ల మధ్య ఎడం కొలిచి, ఎడమ, నడుమ, కుడి అని విడివిడిగా రాసుకున్నాను. బాపట్ల రైల్లోనూ అదే పని. పాత కాగితాల్లో ఎడం ఎక్కడా పెద్దగా మారలేదు. కొత్తవాటిలో కుడి అంచున మాత్రం ఒకచోట గుంపు, ఒకచోట ఖాళీ. కాగితం ఎంత కొత్తదైతే ఆ చెదురు అంత ఎక్కువ.

గెలిచానని ఎగురుకుంటూ సార్‌కి చూపించాను. ఈసారి ఆయన నవ్వలేదు.

"మీ అమ్మగారి కుడికన్ను ఎలా ఉందమ్మా?" అని అడిగారు.

అమ్మీ ససేమిరా రానంది. "నా కళ్లకేమైందే? సూదిలో దారం ఎక్కిస్తున్నానుగా!" నేను వింటేనా? చెయ్యి పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. కుడికంట్లో నీటికాసులు, అదే గ్లకోమా అన్నారు. పక్కచూపు చాలావరకు పోయిందట. పోయింది రాదు, చుక్కలమందు వేస్తే మిగిలింది నిలుస్తుందన్నారు.

బయటికొచ్చాక అమ్మీ, "అయితే నువ్వు బాగానే రుద్దావన్నమాట," అంది.

నాకు ఏడుపు ఆగలేదు. తప్పు నాదే అయితే ఎంత బాగుండేది!

ఇంటికి రాగానే ఆవిడ తూట్లు గుచ్చే సూది నేను తీసుకున్నాను. ఆవిడ తెల్లపొడి గిన్నె తనవైపు లాక్కుంది.