జాడీ మీది పిట్ట

మ్యూజియం వెనక గదిలో పగిలిన పాత్రలు అతికే ఆవిడని అందరూ అతుకులమ్మ అంటారు. పని మామగారి దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక అదే బల్ల, అవే బ్లేడ్లు ఆమెకి వచ్చాయి. చరిత్ర పిచ్చి మాత్రం సొంతం. పిల్లల పాఠ్యపుస్తకాలు కూడా వదలదు; చదువుతూ, "ఇది ఎవరు చూశారట?" అని గొణుక్కుంటుంది.

ఒకరోజు ఊరంతా ఎరిగిన జాడీ ఆమె బల్ల మీదికి వచ్చింది. పాత జిగురు వదులైందని దించారు. దాని మీద మెడ వెనక్కి తిప్పి చూసే పిట్ట ఉంది. పూర్వపు రాజుల గుర్తు అదేనని పాఠంలో ఉంది. బడి బ్యాడ్జీ మీదా, మ్యూజియం గేటు మీదా అదే పిట్ట.

జాడీ లోపలికి టార్చిలైటు వేసి చూసింది. సరిగ్గా పిట్ట ఉన్నచోట అరచేయంత మేర తెల్లగా ఉంది. గోటితో గీకింది. అసలు మట్టి కాదు, ప్లాస్టరు. పైన రంగు, ఆ సన్నటి గీత ఎవరి చేతివో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

మ్యూజియం ఆఫీసరు విని తల పట్టుకున్నాడు. "ఉండనివ్వమ్మా. పిల్లలకి గుర్తుండేది ఆ పిట్టొక్కటే."

"లేనిది గుర్తుండి ఏం లాభం సార్?"

"మీ మామగారి పరువు కూడా చూసుకో మరి."

అది తగలాల్సిన చోటే తగిలింది. సాయంత్రం అత్తగారు బట్టలు మడతపెడుతుంటే ఎదురుగా కూర్చుంది.

"అత్తయ్యా, జాడీ మీది పిట్ట మావయ్య వేసిందే."

"ఆ మెడ చూస్తే తెలియడం లేదూ? నేను పిలిస్తే ఆయనా అలాగే సగం తిరిగేవారు. పూర్తిగా తిరిగితే పని చెప్తానని భయం."

"తెలిసీ ఊరుకున్నారా?"

"నన్నెవరడిగారు? బోసిగా ఉందని అప్పటి ఆఫీసరు నెత్తిన కూర్చుంటే ఈయన నింపారు. రాజుల గుర్తని రాసింది ఈయనా?"

"కాదు. అయినా తీసేస్తాను. అక్కడ కొత్త ప్లాస్టరు నింపి ఉత్త మట్టిరంగు పూస్తాను. ఏముండేదో తెలియదని చూడగానే తెలియాలి."

ముసలావిడ చేతిలో చొక్కా మడత సగంలో ఆగింది. "ఆయన చేతిపని నాకింకేం మిగిలిందే?"

కోడలు కుప్పలోంచి ఇంకో చొక్కా తీసి మడతపెట్టింది. అది చూసి అత్తగారే అంది: "తీస్తే తియ్యి. పగలగొట్టకు."

పగలగొట్టడమైతే చిటికెలో పని. ఆమె అంచుల చుట్టూ వేడినీళ్ళలో పిండిన గుడ్డలు వేసింది. జిగురు మెత్తబడ్డచోటే బ్లేడు దూర్చింది. గట్టిగా తగిలితే చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ గుడ్డ వేసింది. ఆఫీసరు వచ్చి నిలబడ్డాడు.

"మళ్ళీ అతికేస్తావుగా?"

"పిట్టని అతకను సార్. కావాలంటే వేరేవాళ్ళని పిలిపించుకోండి. నన్నడిగితే దీన్ని జాడీ పక్కనే పెట్టి, ఎవరు చేశారో కింద రాయించండి."

"మరి గేటు మీది పిట్ట?"

"అక్కడా అదే రాయించండి."

ప్లాస్టరు ముక్క బీట తీయకుండా ఆమె అరచేతిలోకి దిగింది. చెక్కు చెదరని పిట్టని చూశాక ఆఫీసరు, "సరే, దీనికో పెట్టె చేయిస్తాను," అన్నాడు.

జాడీ తిరిగి హాల్లోకి వెళ్ళింది, పొట్ట మీద ఉత్త మట్టిరంగు మచ్చతో. పక్కన చిన్న అద్దాల పెట్టెలో పిట్ట, కింద మామగారి పేరు. చూడ్డానికి అత్తగారు వచ్చింది.

"జాడీ బోసిగానే ఉందే."

"ఉండనివ్వండి అత్తయ్యా."

ఆవిడ పెట్టె దగ్గరికి జరిగి, పేరు చదువుకుంది. తర్వాత అద్దం మీద ఎవరిదో వేలిముద్ర కనబడితే చేతిరుమాలు తీసింది.

"తుడిచేవాళ్ళకి గట్టిగా చెప్పు," అంటూ తనే తుడిచింది.