వెరాక్రూజ్ రోడ్డు మీద హెర్మీలా వేసిన మోకు

వెరాక్రూజ్ నుంచి దక్షిణానికి పోయే రోడ్డును వెడల్పు చేశాక మా ఊరు రెండు ముక్కలైంది. ఇళ్లన్నీ ఇటు, మేం చేపలు పట్టుకునే మడుగు అటు. మధ్యలో లారీలు, బస్సులు, సముద్రం చూడటానికి ఉరికే కార్లు. వాటి కంటికి మేం ఆనం. హెర్మీలా మొగుడు అన్సెల్మో ఆ రోడ్డు దాటుతూనే ఒక కాలు పోగొట్టుకున్నాడు. గుద్దినవాడు ఆగి చూసిన పాపాన పోలేదు.

ఆయన ఆసుపత్రి నుంచి ఇల్లు చేరగానే హెర్మీలా రేవుకు పోయి, పాత పడవ మోకు ఒకటి ఈడ్చుకొచ్చింది. చేతి మందాన ఉంది. మగవాళ్లు దాన్ని రోడ్డుకు అడ్డంగా పరిచి మేకులు దిగ్గొట్టారు. మా తీరంలో ఇదేం వింత కాదు. సర్కారు స్పీడ్ బ్రేకర్ వెయ్యకపోతే ఊళ్లే మోకులు వేసుకుంటాయి. బళ్లన్నీ నెమ్మదించాయి. అన్సెల్మో చంకకర్రలతో మళ్లీ మడుగుకు వెళ్లసాగాడు.

మోకు పక్కనే హెర్మీలా పొయ్యి పెట్టి కజ్జికాయల్లా మడిచిన రొయ్యల ఎంపనాడాలు వేయించి అమ్మేది. రొయ్యలు ఒలిచేది ఆవిడ మేనకోడలినైన నేనే. నల్ల కళ్లద్దాల ఇంజినీరొకడు మనుషుల్ని వెంటేసుకుని దిగేదాకా అలాగే సాగింది.

"ఈ తాడు కోసేస్తున్నామమ్మా. చట్టం ఒప్పుకోదు."

"మనుషుల్ని తొక్కించడానికి ఒప్పుకుంటుందా నాయనా, నీ చట్టం?"

"మనుషుల కోసమా? బళ్లు ఆగితేనే కదా నీ బేరం! మాకు తెలీదనుకున్నావా?"

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ బేరం బాగా సాగుతున్న మాట నిజమే.

"కొట్టు ఎత్తేస్తే తాడు ఉంచుతావా?" అంది హెర్మీలా.

వాడు నవ్వాడు. "ఎత్తెయ్యి చూద్దాం! నువ్వు ఎత్తేస్తే నేను ముట్టుకోను. ఇదిగో, అందరి ముందూ చెప్తున్నా."

హెర్మీలా గుడ్డతో బాణలి పట్టుకుని, కాగుతున్న నూనెను ఇసుకలో పారబోసింది. పొయ్యి మీద బిందెడు నీళ్లు కుమ్మరించింది.

"పిచ్చెక్కిందా అత్తా? రేపు ఏం తింటాం?" అని అరిచాను.

"నోర్ముయ్యవే! ఆయన రెండో కాలు ఏ ధరకి అమ్మమంటావు?"

ఇంజినీరు తన మనుషుల వంక చూశాడు. ఊరు ఊరంతా అతని వంకే చూస్తోంది. అన్న మాట మింగలేక బండెక్కి పోయాడు.

ఇప్పుడు నేనూ ఆవిడా పక్క ఊరి కొట్టులో రొయ్యలు ఒలుస్తున్నాం. అక్కడి యజమానురాలంటే హెర్మీలాకు ఒకప్పుడు ఒళ్లుమంట. అయినా రోజూ పోతోంది.

మొన్న మేం పనికి బయల్దేరుతుంటే ఆ ఇంజినీరు కారే వచ్చి మోకు ముందు ఆగింది. అద్దం దిగింది.

"ఏంటమ్మా, ఎంపనాడాలు లేవా? ఆకలేస్తోంది."

"లేవు," అంది హెర్మీలా. "మా ఆయన దాటుతున్నాడు, ఆగు."