మీల్ మేకర్ ఖీమా, మా అత్తమ్మ మొక్కు

మా అత్తమ్మకు ఖీమా అంటే ప్రాణం. కోరుట్లలో మేమున్న వాడకట్టులో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. ఆదివారం పొద్దున్నే బీడీల చాట పక్కన పెట్టి, స్టీలు గిన్నె చేతబట్టుకుని మటన్ దుకాణానికి తనే వెళ్లేది. మిషన్లో వేసిన ఖీమా ఆమె లెక్కలో ఖీమానే కాదు. మొద్దు మీద కత్తితో కొట్టాలి. ఆ దుకాణమతను కొడుతున్నంతసేపూ ముందర నిలబడి "ఇంక సన్నగ, ఇంక సన్నగ" అంటుంటే, అతను నవ్వి "నువ్వే వచ్చి కొట్టరాదే అవ్వా" అనేవాడట.

నేను సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగినదాన్ని. మా ఇంట్లో మాంసం పండగకో, చుట్టాలొస్తేనో. మిగతా రోజుల్లో కూరగాయలు లేనప్పుడు అమ్మ మీల్ మేకర్ వండేది. కొత్తకోడలిగా వెళ్లిన రోజుల్లో ఒకసారి అత్తగారింట్లో నేనూ అదే వండాను. అత్తమ్మ ఒక ఉండ నోట్లో వేసుకుని చాలాసేపు నమిలింది. మింగాక, నూలు ఉండ తిన్నట్టుంది అంది. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. ఆ తర్వాత ఆ పొట్లం మా వంటింట్లోకి రాలేదు.

మా ఆయనకు జగిత్యాలలో ఒక కాలేజీ ఆఫీసులో ఉద్యోగం దొరికాక అందరం అక్కడికి మారాం. మామయ్య అప్పటికే లేరు. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని, అత్తమ్మ పక్కనే కూర్చుని బీడీలు చుట్టేది. మా మరిది దుబాయిలో ఉండేవాడు. అత్తమ్మ చిన్నకొడుకు, గారాబంగా పెరిగినవాడు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ కుండలోంచి గ్లాసుడు నీళ్లు కూడా ముంచుకుని ఎరగడు. అలాంటివాడు అక్కడ కట్టడాల పనిలో చేరి, రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు.

ఒక ఎండాకాలం అతను పనిచేసే కంపెనీ మూతబడింది. కాగితాలు కంపెనీవాళ్ల దగ్గరే చిక్కుకుపోయాయి. ఇంటికి రావడానికి లేదు, ఇంకోచోట పనిలో చేరడానికీ లేదు. క్యాంపు గదిలోనే ఉండి ఎదురుచూడాలి. ఫోన్లో మాత్రం నవ్వుతూనే మాట్లాడేవాడు. ఏం తిన్నవురా అని అత్తమ్మ అడిగితే, కోడికూర అనో, బిర్యానీ అనో చెప్పేవాడు. అత్తమ్మ సరేననేది కానీ, ఫోన్ పెట్టేశాక తునికాకు చేతిలో పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయేది.

ఒక మంగళవారం పొద్దున స్నానం చేసి కొండగట్టు అంజన్న పటం ముందు నిలబడి, మా అందరికీ వినబడేట్టే అంది.

"అంజన్నా, నా చిన్నోడు గీ గడప తొక్కినంక, వాన్ని నీ కొండకు తీస్కచ్చేదాక నేను నీసు ముట్ట."

ఏ వంకాయో, ఇంకేదో వదులుకోవచ్చు కదా అని మా ఆయన మెల్లగా అన్నాడు. ఇష్టం లేనిది వదిలితే అది మొక్కు ఎట్లవుతుందని అత్తమ్మ తిరిగి అడిగింది.

మొదటి ఆదివారాలు కష్టంగానే గడిచాయి. పిల్లల కోసమని ఖీమా తనే వండేది, ఉప్పు చూడమని నన్ను పిలిచేది. తర్వాత తను పచ్చిపులుసు పోసుకుని ఓ పక్కకు కూర్చునేది. మా పాప బాపమ్మ కంచం వంక చూసి తన కంచంలో ముద్ద కలపడం మానేసింది. నేను మటన్ తెప్పించడమే ఆపేశాను. రెండు మూడు వారాలకు అత్తమ్మ అది కనిపెట్టి కోప్పడింది. మొక్కు తనదైతే పిల్లల నోరెందుకు కడుతున్నానని నన్ను అడిగింది.

ఆ రోజుల్లోనే ఏదో పనిమీద సిరిసిల్ల వెళ్లాను. అమ్మ పుంటికూరలో, అదే గోంగూరలో, ఏదో వేసి వండి పెట్టింది. చూడ్డానికి అచ్చం ఖీమా. ఏంటని అడిగితే, మీల్ మేకరే, రవ్వలాగా సన్నది వస్తోంది, కిరాణా దుకాణాల్లో దొరుకుతుంది అంది. అక్కడే కూర్చుని రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను. వచ్చేటప్పుడు బస్సులో నా సంచి నిండా ఆ పొట్లాలే.

జగిత్యాలలో నా మొదటి ప్రయత్నం మాత్రం దెబ్బతింది. అమ్మ ఎలా చేసిందో అడగకుండానే వచ్చేశాను కదా. నానబెట్టి, నీళ్లు సరిగ్గా పిండకుండా పోపులో వేసేశాను. గిన్నెలో అది ఉబ్బి ఉబ్బి గంజిలా తయారైంది. ఇల్లంతా పచ్చి చిక్కుడుగింజల వాసన. మా ఆయన అన్నం మీద అన్నం వేసుకుని దాన్ని కప్పేశాడు. అత్తమ్మ తినడం పూర్తిచేసి చెయ్యి కడుక్కుని వచ్చి అంది.

"మొక్కు మొక్కింది నేను. శిక్ష అందరికి పడుతున్నది."

నాకు నవ్వాగలేదు. ఆమె కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు.

మర్నాడు ఇంకో పొట్లం తీసి తనే పొయ్యి ముందు నిలబడింది. మటన్ ఖీమాకు ఎంత శ్రద్ధ చూపేదో దీనికీ అంతే చూపింది. ఉప్పు వేసిన వేడినీళ్లలో నానబెట్టి, చల్లనీళ్లతో కడిగి, పలుచటి గుడ్డలో మూటగట్టి, బట్టలు పిండినట్టు పిండింది. ఉల్లిగడ్డను బాగా ఎర్రబడేదాకా వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేదాకా కదిలించి, అప్పుడు ఈ రవ్వ వేసింది. వెంటనే నీళ్లు పోయలేదు. నూనెలోనే వేగనిచ్చింది. అడుగంటుతుందేమోనని నేను గరిటె అందుకోబోతే చెయ్యి తోసేసింది. తర్వాత ఎండుకొబ్బరి, ధనియాల పొడి, చెక్కా లవంగం దంచిన పొడి. దించేముందు గుప్పెడు కొత్తిమీర. ఆ పూట అన్నం సరిపోక మళ్లీ వండాల్సి వచ్చింది.

అప్పట్నుంచీ అది మా ఇంటి మామూలు కూర అయిపోయింది. పొద్దున డబ్బాలకు ఆలుగడ్డతో, మంగళవారం మెంతికూరతో, పుంటికూర దొరికితే దాంతో. సన్నది దొరకని రోజు పెద్ద ఉండలనే నానబెట్టి, పిండి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పేవాళ్లం. రెండో తిప్పు తిప్పితే పిండైపోతుంది, ఆ తప్పు కూడా చేశాం. మిగిలిన కూరను జొన్నరొట్టెలో చుట్టి ఇస్తే పాప స్కూలుకు వెళ్తూ దారిలోనే తినేసేది. ఒకసారి శనగపప్పు రుబ్బి కలిపి కబాబులు చేయబోతే నూనెలో వేయగానే అన్నీ విడిపోయాయి. వాటిని జల్లెడగరిటెతో ఏరి, బియ్యప్పిండిలో కలిపి సర్వపిండి రొట్టెలు తట్టింది అత్తమ్మ. కబాబులు కుదిరినా అంత బాగుండేవి కావేమో.

ఒక శనివారం ఎదురింటామె చక్కెర కోసం వచ్చింది. గడపలోనే ఆగి గాలి పీల్చింది. అత్తమ్మ కంచంలోకి తొంగిచూసి, గొంతు తగ్గించి అడిగింది.

"మొక్కు తప్పినవా అత్తా? అందుల శనివారం నాడు?"

అత్తమ్మ ఆమెను చేయి పట్టి కూర్చోబెట్టి కంచంలో అన్నం, కూర పెట్టింది. తాను శనివారం ముట్టనని ఎదురింటామె వెనక్కి జరిగింది. అత్తమ్మ ఖాళీ పొట్లం తెచ్చి ఒళ్లో పెట్టాక గానీ ఆమె ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఆ వారంలోనే మా వీధిలో ఇంకో రెండిళ్ల నుంచి అదే వాసన రావడం మొదలైంది.

ఇట్లా ఆదివారాలు, పండగలు గడిచిపోయాయి. మరిదికి మాత్రం మొక్కు సంగతి చెప్పలేదు. చెప్పొద్దని అత్తమ్మ మా అందరి దగ్గరా మాట తీసుకుంది. ఉన్న బాధకు తోడు ఇదొకటి ఎందుకంది.

చివరికి కాగితాలు చేతికొచ్చాయని ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. అతను వచ్చే రోజు పొద్దున్నే అత్తమ్మ గిన్నె పట్టుకుని జగిత్యాల మార్కెట్లో మటన్ దుకాణానికి వెళ్లింది. ఖీమా కొట్టించి తెచ్చింది. రుచి చూడకుండానే వండింది. ఉప్పు నేను చూశాను. కొండగట్టు ఇంకా వెళ్లలేదు కాబట్టి తన కోసం చిన్న గిన్నెలో మీల్ మేకర్ వండుకుంది.

మరిది మధ్యాహ్నానికి దిగాడు. చొక్కా భుజాల మీంచి జారుతోంది, అంత చిక్కిపోయాడు. అత్తమ్మ అతని మొహం రెండు చేతులతో పట్టుకుని చూసి, స్నానానికి నీళ్లు తోడిచ్చింది. అన్నానికి కూర్చున్నాక కంచం నిండా బగారన్నం, ఖీమా వడ్డించింది. అతను తలెత్తకుండా తిన్నాడు. సగం తిన్నాక తల్లి పక్కనున్న చిన్న గిన్నె కనిపించింది.

"అదేంది? నీకు వేరే ఎందుకు వండుకున్నవ్?"

అత్తమ్మ మాట దాటేయబోయింది. మా పాప ఆగలేదు. బాపమ్మ మొక్కిందని, బాబాయి వచ్చేదాకా మటన్ తినదని, మీల్ మేకరే తింటోందని అంతా చెప్పేసింది.

అతను ఆ గిన్నెను దగ్గరకు జరుపుకుని కొంచెం తీసి నోట్లో పెట్టుకున్నాడు. తలవంచుకునే అన్నాడు.

"అమ్మా, అక్కడ నేను గూడ గిదే తిన్న. కంపెనీ బందైనప్పటి సంది గిదే. రూముల అందరికి నేనే వండిన."

ఫోన్లో చెప్పిన కోడికూరలూ బిర్యానీలూ అన్నీ ఏంటో మాకు అప్పుడర్థమైంది. అత్తమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నుంచే అడిగింది.

"మరి ఫోన్ల చెప్పకపోతివి?"

"నువ్వు చెప్పినవా మరి?"

ఆమె కొంగు తీసింది. కళ్లు తడిగా ఉన్నాయి గానీ నవ్వుతోంది. కొడుకు బాధపడ్డాడన్న సంగతి కంటే, కొడుకు గరిటె పట్టాడన్న సంగతి ఆమెను ఎక్కువ ఆశ్చర్యపెట్టినట్టుంది. నిజంగా నువ్వే వండినవా, ఉల్లిగడ్డ నువ్వే కోసినవా అని మళ్లీ మళ్లీ అడిగింది. అతను ఇంకో ముద్ద తిని, మంచిగనే ఉంది గానీ పెరుగు వేయలేదని వంక పెట్టాడు. అత్తమ్మకు ఆ మాట తగిలింది. అయితే రేపు నువ్వే వండమంది.

మర్నాడు వంటింట్లో అతను, గుమ్మంలో చాటతో అత్తమ్మ. మొదట్లో అది వెయ్యి, ఇది వెయ్యి అని చెబుతూ ఉంది. అతను వట్టి మూకుడులో రవ్వను దోరగా వేయించి, తర్వాతే నానబెట్టాడు. పిండాక పెరుగు, కారం, పసుపు పట్టించి పక్కన పెట్టాడు. తన గదిలో ఉండే లాహోరు ఆయన దగ్గర నేర్చుకున్నానని చెప్పాడు. ఇద్దరికీ ఒకే పొయ్యి, ఒకే మూకుడు. అతను వేయిస్తుంటే ఆయన రొట్టెలు ఒత్తేవాడట. చివర్లో ఎండు మెంతాకు నలిపి వేసి, నిమ్మకాయ పిండాడు. అత్తమ్మ సలహాలు ఇవ్వడం మాని చూస్తూ కూర్చుంది. ఆమె చేతిలో బీడీ కూడా ఆగిపోయింది. తినేటప్పుడు మంచిగుందని ఒక్కసారి కూడా అనలేదు గానీ, రెండోసారి గిన్నె తనే జరుపుకుంది.

ఆ మంగళవారమే అందరం కొండగట్టు వెళ్లి మొక్కు చెల్లించాం. ఆ వచ్చిన ఆదివారం అత్తమ్మ ఖీమా కొట్టించుకొచ్చి, వండుకుని, తృప్తిగా తింది. అలవాటు తప్పి తినలేకపోతుందేమోనని నేను అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. బొక్క ముక్క తగిలితే దాన్ని కూడా చీకకుండా వదల్లేదు. మీల్ మేకర్ మంచిదే గానీ ఖీమా ఖీమానేనని తేల్చి చెప్పింది. అయినా వారంలో మిగతా రోజులకు ఆ పొట్లాలు మా డబ్బాలో ఉండిపోయాయి. పిల్లలకు ఇప్పుడు బాబాయి పద్ధతి కావాలి, మా ఆయనకు వాళ్లమ్మ పద్ధతి. నాకు కుట్టుపని ఎక్కువున్న రోజు ఏ పద్ధతైనా సరే, ఎవరో ఒకరు వండితే చాలు.

మరిది ఇప్పుడు కోరుట్లలో ఫంక్షన్లకు వండే వాళ్లతో కలిసి పనిచేస్తున్నాడు. మొన్న సిరిసిల్లలో మా అన్న కూతురికి చీర కట్టించే ఫంక్షన్ చేస్తే వంట తనే చేశాడు. నీసు తినని చుట్టాల కోసం మీల్ మేకర్ ఖీమా పెద్ద గుండిగలో వండాడు. మాంసం లేనిదే విందేంటనే మా నాన్న ఆ వరుసలోకి వెళ్లి తిన్నాడు. ఏంటిదని అడగలేదు, మేమూ చెప్పలేదు.

భోజనాలయ్యాక చుట్టాల్లో ఒకాయన, మళ్లీ దుబాయి ఎప్పుడు పోతున్నవ్ అని మరిదిని అడిగాడు. చూద్దామన్నాడతను. అలా అంటూనే ఖాళీ గుండిగను కడగడానికి ఒక చెవి పట్టుకున్నాడు. పక్కనే ఉన్న అత్తమ్మ లేచి రెండో చెవి పట్టుకుంది. ఇద్దరూ దాన్ని మోసుకుంటూ నల్లా దగ్గరికి వెళ్లారు.