సోమక్క బీరపాదు

1986 ఫిబ్రవరి. జనగామలో ఒక దినపత్రికకు స్ట్రింగర్‌గా, అంటే నెలజీతం లేని విలేకరిగా పనిచేస్తున్నాను. ముందటి వానాకాలంలో వానలు మొహం చాటేశాయి. బావులు అడుగంటాయి. ఊరి చివరి వాడకు రెండు రోజులకోసారి ట్యాంకర్ వచ్చి ఇంటికి నాలుగు బిందెలు పోసి వెళ్లేది.

ఆ వాడలో ఒక్క పెరట్లోనే బీరపాదు పచ్చగా పందిరెక్కి కనిపించింది. ఇల్లు సోమక్కది. ఆమె భర్త బొంబాయిలో కట్టడాల పనిలో ఉన్నాడు. కూతుర్ని తీసుకుని వచ్చేయమని జాబులు రాస్తున్నాడు.

“నేను పోతే బిడ్డ సదువు ఆగుతది తమ్మీ. ఏడో తరగతి, పబ్లిక్ పరీచ్చ. గీ కాయలు అంగట్ల అమ్మే దినం ఎల్లదీస్తున్న.”

“నీళ్లెక్కడివక్కా?”

స్నానాలకూ అంట్లకూ వేసుకున్న జాలారి బండ చూపించింది. దాని అంచు నుంచి పాదు దాకా సన్నని కాలువ తీసి ఉంది.

“గిన్నెలు బూడిదతోటే తోముత. సబ్బు నీళ్లు పడితే తీగ మాడుతది. గవి అవుతల పారబోస్త.”

గోడ మీది నుంచి పక్కింటి బాలమ్మ అందుకుంది. “మా ముసలోన్ని గూడ గా బండ మీదనే తానం జెయ్యమంటది సారూ. ఆయన మురికి గూడ ఈమెకే గావాలె!”

“గాయన కాయలు తింటలేడా మరి?” అని సోమక్క నవ్వింది.

జాగా చాలకపోతే పత్రికాఫీసు డెస్క్‌లో వార్తను కింది నుంచి కోస్తారు. అందుకే ముఖ్యమైనది పైన రాయాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. నాకది తెలుసు. అయినా రాతకు మెరుపు కావాలని, కరువులో పచ్చని పందిరంటూ మొదలుపెట్టి, పాదుకు పారేవి వాడేసిన నీళ్లన్న సంగతి చివరి పేరాకు దాచాను. కవరు హైదరాబాద్ బస్సులో వేశాను. అచ్చులో ఆ పేరా లేదు.

రెండు రోజులకు ఆ వాడకు ట్యాంకర్ రాలేదు. ట్యాంకర్లు పంపే మున్సిపల్ ఆఫీసుకు వెళ్లి అడిగితే గుమాస్తా నా వార్తే ముందుపెట్టాడు.

“మీరే రాస్తిరి గద సారూ. తోటలు పెంచేటోళ్లకు ట్యాంకర్ ఎందుకని మా సారు వేరే దిక్కు మలిపిండు.”

జరిగింది చెప్పుకుని, పత్రికకు సవరణ రాసి పంపాను. అది నాలుగు వరుసల్లో లోపలి పేజీలో వచ్చింది. ట్యాంకర్ తిరిగి వచ్చేసరికి పదిరోజులు దాటింది.

నేను వెళ్లేటప్పటికి సోమక్క ఎండిన తీగను పందిరి మీంచి లాగుతోంది.

“తాగెతందుకే లేకపాయె. తానాలు బందైనయ్. ఇగ తీగకు ఏం పోస్త?”

బాలమ్మ నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది.

“నీళ్ల సంగతి చివర రాశానక్కా. వాళ్లు తీసేశారు,” అన్నాను.

“నాకు సదువు రాదు తమ్మీ. మా బిడ్డనే మొత్తం సదివి ఇనిపిచ్చింది. ‘జాలారి ముచ్చట యాడ లేదేందే అవ్వా’ అని గప్పుడే అన్నది.”

ఆ తర్వాతి ఆదివారమే తల్లీకూతుళ్లు బొంబాయి వెళ్లిపోయారు. పరీక్షలకు ఇంకా నెల ఉంది.

ఎవరి బతుకు దేనిమీద ఆధారపడి ఉందో అది మొదటి వాక్యంలోనే రాయమని తర్వాత ఎందరో కొత్త విలేకరులకు చెప్పాను. ఆ పాఠం నేను నేర్చుకోకపోయినా, ఆ పిల్ల ఏడో తరగతి పరీక్ష రాసి ఉంటే బాగుండేది.