మైకు ఆగిన ఏకాహం

మా గేటు ముందు పోలీసు జీపు ఆగడం నా జీవితంలో అదే మొదలు. అదీ ఏకాహం జరుగుతుండగా, ఇంకా తెల్లారకుండానే.

ఆ ఏకాహం మాదే. మా ఆయనకి రాజమండ్రిలో గుండె ఆపరేషన్ జరిగినప్పుడు మా అత్తగారు మొక్కుకున్నారు, కొడుకు తన కాళ్ల మీద నడిచి ఇంటికొస్తే రామాలయంలో ఏకాహం చేయిస్తానని. ఆయన నడిచే వచ్చారు. స్వామికీ, ఆ డాక్టరుగారికీ ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నా నాకు తనివి తీరదు.

ఏకాహమంటే ఒక సూర్యోదయం నుంచి మర్నాటి సూర్యోదయం దాకా రామనామం తెగకూడదు. మండపం మధ్యలో అఖండదీపం వెలిగించి, దాని చుట్టూ తిరుగుతూ జట్లు జట్లుగా పాడతారు. ఒక జట్టు అలిసిపోతే రెండో జట్టు వచ్చి గొంతు కలపాలి. అప్పుడు గాని మొదటివాళ్లు ఆపకూడదు. దీన్ని అందుకోవడం అంటారు. ఎవరూ అందుకోక ఒక్క క్షణం నామం ఆగినా మొక్కు తీరనట్టే. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. మా నాన్నగారు ఇంట్లోనే భాగవతం ముందు పెట్టుకుని చదువు చెప్పారు. ఇలాంటి నియమాలు నాకు అక్షరాలతో పాటే వచ్చాయి. మా అత్తగారికైతే ఇంకా పట్టింపు. ఆవిడకి చెవులు బొత్తిగా వినబడవు. మిషను పెట్టుకోమంటే, "ఈ వయసులో కొత్తగా వినాల్సినవేమున్నాయే" అంటారు.

చిక్కల్లా మైకుతో వచ్చింది. మొక్కు మాది కదా అని, మైకుసెట్టు అతను గొట్టాన్ని సరిగ్గా మా ఇంటి ఎదురుగా ఉన్న కరెంటు స్తంభానికి కట్టాడు. మర్యాద చేశాననుకున్నాడు. సాయంత్రం మా ఆయన మంచం మీద నుంచే, "ఏమే, ఆ సౌండు కాస్త తగ్గించమనవే, ఛాతీలో మోగుతోంది" అన్నారు. వెళ్లి చెప్పాను. తగ్గించారు. భోజనాలయ్యాక ఎవరో మళ్లీ పెంచారు. మళ్లీ వెళ్లి చెప్పాను.

"దేవుడి పేరు ఊరంతా వినబడొద్దా అండి?" అన్నాడు మైకతను. నేను తిరిగి ఇంటికొచ్చేశాను.

తెల్లవారుజామున నేను వంటింట్లో ప్రసాదానికి పులిహోర కలుపుతున్నాను. మైకులో పాడే అతనికి దగ్గు పట్టుకున్నట్టుంది. కాసేపు నామం చెప్పడం, ఖళ్లున దగ్గడం. మళ్లీ నామం, మళ్లీ అదే దగ్గు. పాపం మా కోసం మంచులో గొంతు పోగొట్టుకుంటున్నాడే అని మనసు ఉసూరుమంది. మిరియాల కషాయం కాచి ఫ్లాస్కులో పోశాను. పట్టుకుని బయటికొచ్చేసరికి జీపు ఆగింది.

హెడ్ కానిస్టేబుల్ దిగాడు. "ఏకాహం మీదేనా అమ్మా?"

"మాదేనండి. పర్మిషన్ తీసుకునే పెట్టామండి."

"అది రాత్రి పదింటి దాకానేనండి. పది నుంచి పొద్దున్న ఆరింటి దాకా మైకు ఉండకూడదు, గుడైనా పెళ్లైనా. భజన చేసుకోండి, ఎవరూ కాదనరు. గొట్టం మాత్రం ఆపాలి. కంప్లయింట్ వచ్చింది."

"ఎవరు చేశారండి?"

"చెప్పకూడదమ్మా. మీ వీధిలోంచే."

 నిన్న మధ్యాహ్నం ఈ వీధిలో మా విస్తరి ముందు కూర్చోని ఇల్లు లేదు. వాళ్లలోనే ఒకరు రామనామం మీద పోలీసుల్ని పిలిచారా?

"తాగి డాన్సులు వేసే డీజేల మీదికి కదండి మీరు వెళ్లాల్సింది?" అన్నాను. నా నోటి నుంచి అంత మాట వచ్చినందుకు నేనే బిత్తరపోయాను.

"మొన్న వాళ్ల దగ్గరికీ వెళ్లామండి. గుడి మైకు ఆపే దమ్ముందా మీకు అని వాళ్లడిగారు" అన్నాడాయన. కోపంగా కాదు, బాగా అలిసిపోయినట్టు.

రామాలయం మా ఇంటికి నాలుగిళ్ల అవతల. నేను వెనకే వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ గుడి మెట్ల దగ్గర కూర్చుని బూట్ల లేసులు విప్పుకున్నాడు. మా ఇంటి ఎదుట గొట్టం ఇక్కడికీ హోరెత్తుతూనే ఉంది. బూట్లు పక్కన పెట్టి, లోపలి గడపకి దణ్ణం పెట్టి, మండపం చివర మైకుసెట్టు దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకాడు.

మైకు పోతే మనుషుల గొంతులు వినబడాలి కదా. వినబడలేదు.

ఆ నిశ్శబ్దం నన్ను చెంపదెబ్బ కొట్టినట్టయింది. మండపంలో తాళాలు నేల మీద ఉన్నాయి, హార్మోనియం మూసి ఉంది, మనుషులు లేరు. మైకుసెట్టు మీద ఎవరిదో ఫోను, దానికో వైరు. అప్పుడర్థమైంది, ప్రతిసారీ అదే చోట వచ్చిన దగ్గు సంగతి. అప్పటి దాకా పాడిన జట్టు వాళ్లు తాము పాడిందే రికార్డు చేసి, మైకుకి తగిలించి వెళ్లిపోయారు. నేను ఫోనుకి కషాయం పట్టుకొచ్చాను.

ఎప్పటి నుంచి తెగిందో. నాకు ఏడుపు కూడా రాలేదు. మా ఆయన ఆపరేషన్ బల్ల మీద ఉండగా అత్తగారు నా చెయ్యి పట్టుకుని మొక్కిన మొక్కు అది.

అప్పుడు దీపం వెనక నుంచి ఏదో సన్నని చప్పుడు వచ్చింది.

మా అత్తగారు. రాత్రి నుంచీ గుడిలోనే ఉన్నారు. ఒక చెయ్యి స్తంభానికి ఆనించి, కాళ్లీడ్చుకుంటూ దీపం చుట్టూ తిరుగుతున్నారు. దగ్గరికి వెళ్తే గాని వినబడనంత సన్నగా నామం చెబుతున్నారు. మైకు ఆగిందని ఆవిడకి తెలియదు. నన్ను చూశారు. మాట్లాడితే నామం తెగుతుంది కదా, అందుకని చేత్తో సైగ చేశారు, అందుకోమని. 

అందుకున్నాను.  పక్కన ఇంకో గొంతు కలిసింది. చూస్తే హెడ్ కానిస్టేబుల్, టోపీ చంకలో పెట్టుకుని.

ఇంతలో ఆ జట్టు వాళ్లు టీ గ్లాసులతో పరిగెత్తుకొచ్చారు. "తర్వాతి జట్టు రాలేదండి. టీ తాగి వచ్చేద్దామని..." అని ఒకతను మొదలుపెట్టాడు.

"ముందు అందుకోండయ్యా" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

సూర్యోదయం దాకా మైకు లేకుండానే సాగింది. హారతి అయ్యాక అత్తగారిని మెట్ల మీద కూర్చోబెట్టి ఆ కషాయం తాగించాను.

"వాళ్లు గ్లాసులు పట్టుకుని బయటికెళ్లారే. ఎంతకీ ఎవరూ రాలేదు. నేనూ వచ్చేస్తే తెగిపోదూ?" అన్నారు.

"మైకులో వస్తూనే ఉంది కదండీ, మాకు తెలియలేదు" అన్నాను చెవి దగ్గర అరిచి.

"మైకా? అది మోగుతోందా?" అన్నారు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన అప్పుడే లేచారు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ మొహంలో అంత తేట చూడలేదు. "గొట్టం ఆగాక నిద్ర పట్టేసిందే" అన్నారు. తర్వాత దుప్పటి మడత పెడుతూ, "ఫోన్ చేసింది నేనే" అన్నారు.

మంచం పట్టె మీద కూలబడ్డాను. వీధిలో అందరి మొహాలూ తలుచుకున్నాను, ఈ మొహం తప్ప.

"మీ కోసం పెట్టిన ఏకాహమండి."

"నీకు చెప్పాను. నువ్వు వాళ్లకి చెప్పావు, రెండుసార్లు. ఇంకెవరికి చెప్పనే?"

గుమ్మంలోంచి అత్తగారు, "ఏవంటున్నాడే వాడు?" అన్నారు.

చెప్పక తప్పలేదు. చెవి దగ్గరికి వెళ్లి, పోలీసుల్ని పిలిచింది ఈయనేనటండీ అని అరిచాను. ఆవిడ కొడుకు వంక తిరిగారు. ఆయన తల దించుకున్నారు.

"మంచి పని చేశాడు" అన్నారు గోడ పట్టుకుని మెల్లిగా కూర్చుంటూ. "ఇంకో రెండు చుట్లు తిరిగితే పడిపోయేదాన్ని."