తోడల్లుడు తెచ్చిన కదలని సైకిలు

మా మామగారిని చారల నిక్కరుతో ధర్మపురి బజారు వీధిలో ఊరేగించిన ఘనత నాది. కావాలని చేసింది కాదు, కానీ చేసింది మాత్రం నేనే. ఎలాగో చెబుతాను, హాయిగా నవ్వుకోండి. మా ఆవిడ సరోజకు వినబడేలా మాత్రం నవ్వకండి. ఆమెకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

ఇది డెబ్బైల మొదట్లో మాట. మామగారికి ధర్మపురిలో చింతపండు మండీ, దానికి తగ్గ పొట్ట, పొట్టకు తగ్గ చక్కెర జబ్బు ఉండేవి. సేలం డాక్టరు రోజూ సైకిలు తొక్కమన్నాడు. మామగారు ససేమిరా అన్నాడు. "ఇంత మండీ పెట్టుకొని నేను బజార్లో సైకిలు తొక్కేదా? ఊరంతా నవ్వి చస్తుంది!"

సరిగ్గా అప్పుడు సేలం నుంచి దిగాడు పెద్దల్లుడు గోవిందరాజు, అంటే నా తోడల్లుడు. వెంట ఒక పచ్చ సైకిలు, ఒక ఇనుప స్టాండు. స్టాండు మీద వెనక చక్రం నేలకు తగలకుండా కాస్త పైకి లేచి, ఒక ఇనుప రోలరుకు ఆనుకొని ఉంటుంది. ఎంత తొక్కినా చక్రం రోలరు మీద తిరుగుతుందే గానీ సైకిలు అంగుళం కదలదు. ఇంట్లోనే, తలుపు చాటున, నిక్కరుతోనే తొక్కుకోవచ్చు.

మామగారు పొంగిపోయాడు. "అల్లుడంటే ఇట్లుండాల!" అన్నాడు. ఆ మాట గోవిందరాజును చూసి అని ఉంటే నాకు బాధ లేదు. నన్ను చూసి అన్నాడు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. తోడల్లుడి పుల్లకూర మాత్రం గొంతు దిగదు. నేను మా ఊరు పాపిరెడ్డిపట్టి నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకొని మోసుకొచ్చిన గుమ్మడికాయల్ని ఎవరూ ఇలా చుట్టూ చేరి చూడలేదు. ఆ పూట కోడి తొడ కూడా ఆయన ఆకులోనే పడింది. నాకు మెడ వచ్చింది. అసూయతో నమలడం వల్ల అదీ నలగలేదు.

వారం తిరిగేసరికి, మేమింకా అక్కడ ఉండగానే, దేవుడు నా మొర విన్నాడు. సైకిలు అరవడం మొదలుపెట్టింది. మామగారు ఎక్కితే చాలు, గర్‌ర్‌ర్రుమని ఇల్లంతా అదిరేది. అటక మీద ఇత్తడి బిందెలు ఒకదానికొకటి తల బాదుకునేవి. పక్కింటావిడ వచ్చి, "రాగులు ఆడించాల, మిల్లు ఎప్పుడు పెట్టినారు?" అని అడిగింది. నాకు కడుపులో చల్లటి మజ్జిగ పోసినట్టయింది.

ఆ సంతోషం మామగారి ఒక్క మాటతో ఆవిరైపోయింది. "ఆదివారం పెద్దల్లుడు వస్తాడులే. ఆయనే సరిచేస్తాడు."

"ఆయనెందుకు మామా? నేను లేనా?" అన్నాను. "మా తోటలో పంపుసెట్టు ఎవరు రిపేరు చేస్తారనుకున్నారు?"

మెకానిక్ చేస్తాడు. నేను పక్కన నిలబడి స్పానరు అందిస్తాను. ఈ సంగతి మీతో చెబుతున్నాను గానీ అప్పుడు చెప్పలేదు.

"అల్లుడు స్పానరు పట్టేదేమిటి, చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అని అత్తగారు అడ్డం పడింది. నేను వినలేదు. గోవిందరాజు వచ్చేలోపల ఆ సైకిలు నోరు మూయించాలి. నాకు అదొక్కటే పట్టుదల.

మొదట నూనె పోశాను. గొంతు ఇంకా బలిసింది. స్టాండు కింద గోనెసంచులు మడిచి పెట్టాను. బిందెలు ఊరుకున్నాయి, గోడ గడియారం ఊగడం మొదలుపెట్టింది. మరలన్నీ బిగించాను, కీచుమంది. వదులు చేశాను, గలగలమంది.

"ఏమండీ, వదిలేయండి. బావ వచ్చి చూస్తాడు," అంది సరోజ.

ఆ 'బావ' మాటతో నాకు బుర్ర వెలిగింది. టైరు రోలరుకు రాసుకుంటేనే కదా ఈ రొద! టైరు మీది గట్లే రోలరును గీకుతున్నాయనీ, నున్నటి టైరు వేస్తే సరిపోయేదనీ తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి నాకు తోచింది ఒక్కటే. రోలరును వేలెడు కిందికి దించేశాను. చక్రం గాలిలో తిరిగింది. చడీ లేదు, చప్పుడూ లేదు.

మామగారు ఎక్కి తొక్కి మురిసిపోయాడు. "భలే చేసినావు అల్లుడా! పువ్వు మాదిరి పోతావుంది!" ఆ మాటకు నా ఛాతీ చొక్కాలో పట్టలేదు.

అంతలో అత్తగారు నిమ్మకాయలతో వచ్చింది. "రిపేరు చేసిన బండి. చక్రం కింద నిమ్మకాయ నలగకుండా తొక్కకూడదు."

"అమ్మా, అది యాడికీ పోయే బండి కాదు!" అంది సరోజ.

"యాడికి పోకపోయినా బండి బండేనే!" అంటూ ఆవిడ వంగి, జోరుగా తిరుగుతున్న వెనక చక్రం కిందికి ఒక నిమ్మకాయ తోసింది.

చక్రం నిమ్మకాయను పట్టింది. నేను వదులు చేసిన మరలు వదిలేశాయి. సైకిలు స్టాండు మీద నుంచి ఎగిరి నేలకు దిగి, మామగారితో సహా వాకిలి దాటి, మండీ మూటలు దించే వాలు పలక మీదుగా వీధిలో పడింది. ఆ వీధి మెయిన్ రోడ్డు దాకా పల్లం.

"మామా, బ్రేకు పట్టు! బ్రేకు!" అని వెంటపడ్డాను.

"యాడుందిరా బ్రేకు?"

అప్పుడు గుర్తొచ్చింది. గలగలమంటున్నాయని పొద్దున్నే నేనే ఊడదీశాను.

టీకొట్టాయన గ్లాసు పట్టుకొని లేచి నిలబడ్డాడు. "ముదలాళీ, నిక్కరుతో ఎక్కడికి?" అని మా షావుకారు మామను చూసి అరవంలో అరిచాడు. మామగారు హ్యాండిలు గట్టిగా పట్టుకొని పల్లంలో దూసుకుపోయాడు. చివరికి పచ్చిగడ్డి బండి ఒకటి అడ్డం వచ్చి ఆయన్ని మెత్తగా కడుపులో దాచుకుంది.

నేను ఆయన కాళ్ళ మీద పడబోయాను. ఆయన గడ్డి దులుపుకొని లేచాడు. ముఖం వెలిగిపోతోంది. "ఎన్నేళ్ళయిందిరా ఇంత గాలి తగిలి! ఊరంతా చూసేసింది. ఇంక సిగ్గేమి?" అంటూ మళ్ళీ సైకిలెక్కి, కాళ్ళతో నేలను తన్నుకుంటూ ఇంటికి వచ్చాడు. మర్నాటినుంచి బ్రేకులు వేయించుకుని, పంచె కట్టుకుని రోజూ తొప్పూరు రోడ్డు మీద సవారీ.

ఆదివారం గోవిందరాజు దిగాడు. మామగారు ఎదురెళ్ళి కౌగిలించుకున్నాడు. "నువ్వు సైకిలు తెచ్చినావు, నేను మళ్ళీ పడుచువాణ్ణయినాను! పెద్దల్లుడంటే నువ్వేనప్పా!" తర్వాత నా వైపు తిరిగి, పాపం ప్రేమగానే అన్నాడు. "ఆ స్టాండు ఇంక నాకెందుకు? నీకు దాని మీద భలే ఆశ గదా అల్లుడా, నువ్వు తీసుకుపో."

పాపిరెడ్డిపట్టి బస్సులో ఆ ఇనుప స్టాండును ఒళ్ళో పెట్టుకొని, దారి పొడుగునా కుదుపు కుదుపుకూ తొడలు కమిలిపోతూ ఇంటికి చేరాను. అక్కడికక్కడే, కాళ్ళు కూడా కడుక్కోకుండా, స్టాండు మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో తోడల్లుడి వస్తువు ఏది అరిచినా, అదిరినా, విరిగినా నేను వేలు పెట్టను.

ఇప్పటిదాకా మాట తప్పలేదు. మొన్న గోవిందరాజు కొత్త కారులో మా ఇంటికొచ్చాడు. వెనక ఎడమ చక్రం దగ్గర సన్నగా గరగరమంటోంది. నాకు స్పష్టంగా వినబడింది. చిరునవ్వుతో చెయ్యి ఊపి సాగనంపాను.