జడ్జీ కోసం కాచుకున్న మా ఆయన

మొన్న టీవీలో, అమెరికాలో ఎవరినో దేశం దాటించబోతుంటే ఒక జడ్జీ అడ్డం పడి, ఈ మనిషిని ఎందుకు పట్టి ఉంచినారో ముందు నాకు చెప్పండని సర్కారునే నిలదీసినట్టు చూపించినారు. మా కోడలు సంబరపడింది గానీ నాకు నమ్మకం కుదరలేదు. ఈ తలుపు మూస్తే ఇంకో తలుపు గుండా తోసెయ్యరని ఏముంది? ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, కువైట్‌లో పట్టుకుంది.

ఆ రోజుల్లో నేను మిష్రిఫ్‌లో ఒక విల్లాలో వంటా ఇల్లూ చూసేదాన్ని, మా ఆయన వేరే కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని దగ్గర, డ్రైవరు. ఆ కఫీల్ ఈయన పాస్‌పోర్టు తన బీరువాలో పెట్టుకొని, కొన్నాళ్లు తన బావమరిది షెడ్డులో పనిచేసి రమ్మని అర్దియాకు పంపినాడు. అలా పంపుకోవడం అక్కడ మామూలే, ఆ కాలంలో గల్ఫు పోయినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పోలీసులొచ్చి, నీ ఇఖామా పర్మిట్టు ఈ షెడ్డుది కాదే అని పట్టుకుంటే, ఆ మహానుభావుడు తన మీదికి వస్తుందని, వాడు నా దగ్గర్నుంచి పారిపోయినాడని చెప్పేసినాడు. ఖలాస్! ఊరికి పంపేసేవాళ్లను ఉంచే జైల్లో వేసినారు.

నా యజమానురాలిని అక్కడి వాడుక ప్రకారం, మనం అమ్మా అన్నట్టు, మామా అనేదాన్ని. ఆమె జాలిపడి వకీలును పెట్టించింది, ఇంత మంచితనం దేనికబ్బా అని నేను ఆమెనూ అనుమానించినాను. కోర్టు ఒక తేదీ ఇచ్చింది, ఆ రోజు తాను పారిపోలేదని మా ఆయన జడ్జీ ముందు చెప్పుకోవచ్చు. ఆ తేదీ రాకముందే ఇరాక్ సైన్యం వచ్చిపడింది.

మామా వాళ్లు కారెక్కి సౌదీకి పోయినారు. నేను తలుపుకు సోఫా అడ్డం పెట్టుకొని ఖాళీ విల్లాలో బిక్కుబిక్కుమంటూ ఉంటే, ఒక మధ్యాహ్నం కోనసీమ మనిషొకడు గేటు తట్టి, తానూ ఆ జైల్లోవాడినేననీ, కాపలావాళ్లు పరారై తలుపులు తెరుచుకున్నాయనీ చెప్పినాడు. "మీ ఆయన మాత్రం రానంటున్నారండీ, మీరొచ్చి చెప్పాలండీ" అన్నాడు. అంత మర్యాద చూసేసరికి ఏదో మోసముందనిపించింది. మా ఆయన చేతి మీది పచ్చబొట్టు ఏమిటో చెప్పమన్నాను. టక్కున చెప్పినాడు. అయినా అతను ఎవరిదో అడిగి తెచ్చిన కారులో తలుపు పిడి వదలకుండానే కూర్చున్నాను.

పోయి చూస్తే అందరూ వెళ్లిపోయిన జైల్లో ఈయనొక్కడే గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. ఇదంతా ఎర అట, బయట అడుగు పెడితే కఫీల్ చెప్పిన అబద్ధం నిజమైపోతుందట, జడ్జీకి చెప్పుకొనే వస్తాడట! నాకు ఒళ్లు మండిపోయింది. "జడ్జీలే పారిపోయిరి, నువ్వెవరికి చెప్పుకుంటావయ్యా?" అని ఏడుస్తూ అరిచినాను. చివరికి కోర్టు తేదీ దాకా దేశం దాటకూడదని నా దగ్గర మాట తీసుకొని లేచినాడు.

మనవాళ్లంతా బస్సులెక్కి బాగ్దాదు మీదుగా అమ్మాన్‌కు పోతుంటే, మేము రొట్టెల కోసం వరుసల్లో నిలబడుతూ ఉండిపోయినాం. పోయే ప్రతి బస్సూ ఇదే ఆఖరిదేమోనని ప్రాణం విలవిల్లాడేది. ఆ తేదీన ఆయన గడ్డం గీసుకొని, ఉతికిన చొక్కా తొడుక్కొని కోర్టుకు పోయినాడు. మెట్ల మీద ఇరాకీ సిపాయి తుపాకీ ఊపి, యల్లా, పో పొమ్మన్నాడు. ఈరోజు నాకు వాయిదా ఉందయ్యా అని ఈయన వచ్చీరాని అరబ్బీలో చెప్తూనే ఉంటే, ఆ సిపాయి పగలబడి నవ్వినాడు. తర్వాతి బస్సులో, పాస్‌పోర్టు బదులు మన ఎంబసీ ఇచ్చిన కాగితంతో, మేమూ బయల్దేరినాం.

ఆ కేసు ఏమైందో ఈనాటికీ చెప్పిన దిక్కు లేదు. ఇప్పటి మా ఊరి పిల్లలు కువైట్‌లో మహబూలా గదుల్లోంచి ఫోనులో ముఖం చూపిస్తూ, ఎక్కడున్నదీ తిప్పి తిప్పి చూపిస్తారు, అంతవరకు నయమే. మా ఆయన మాత్రం వీధి చివరి అంగడికి పోవాలన్నా, ఎక్కడికి పోతున్నదీ ఎప్పుడొచ్చేదీ ఇంట్లో నాకూ, పక్కింటివాళ్లకూ చెప్పి మరీ కదిలేవాడు. అందరూ ఎగతాళి చేసేవాళ్లు, నేను మాత్రం సరే పోయిరా అని గుమ్మం దాకా పోయేదాన్ని. పోయిన ఎండాకాలం మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదు. ఎవరికీ చెప్పకుండా పోవడం ఆయన జన్మలో అదొక్కసారే.